తూర్పు గుమ్మం

తెనాలిలోనూ, అటు కొలకలూరు దాకానూ, కొత్త ఇంటికి గుమ్మం ఎత్తాలంటే సీతారామాంజనేయులు ఆచారినే పిలిచేవారు. నలభై ఏళ్ల వడ్రంగం ఆయనది. చొక్కా జేబులో దిక్సూచి లేకుండా వీధిలోకి అడుగు పెట్టేవాడు కాదు. ఇంటివాళ్లు ఏదో చెప్పబోతే "మీరుండండి" అని చేత్తో ఆపేసి, దిక్సూచి నేల మీద పెట్టి, ముల్లు కుదురుకునేదాకా చూసి, గుమ్మం తూర్పు వైపు గుర్తు పెట్టేవాడు. పడమటి గుమ్మం అన్న మాట ఆయన ముందు ఎత్తితే చాలు, బాడిస సంచిలో పడేసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోవడమే. మనిషి మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాతది విన్నాక మీకు నమ్మబుద్ధి కాదు కనక.

రెండేళ్ల కింద తుఫానుకి సూర్యలంక అవతల దిబ్బపాలెం అనే చేపలవాళ్ల పల్లెలో పదకొండు గుడిసెలు నేలమట్టమయ్యాయి. తెనాలిలో కాలేజీ పాఠాలు చెప్పే హిమబిందు తన విద్యార్థుల్ని కూడగట్టి, ఇటుకా సిమెంటూ రేకులూ సంపాదించింది. గుమ్మాలు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆచారి దగ్గరికొచ్చి అడిగింది. ఆయన పెరట్లో తాత నాటిన వేపచెట్టు కొట్టించేశాడు. భార్య వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయినా పదకొండు ద్వారబంధాలూ, వాటికి తలుపులూ తన చేత్తోనే చేసి, లారీ ఎక్కించి, వెనకే తనూ ఎక్కి కూర్చున్నాడు.

ముగ్గు పోసే రోజు దిబ్బపాలెంలో రాజారత్నం అనే ముసలాయన అడ్డొచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఒక్క కొడుకునీ సముద్రం తీసుకుపోయింది. కోడలు తులసి, ఇద్దరు మనవలు, ఆయనా నాలుగు నెలలుగా టార్పాలిన్ పట్టా కిందే కాపురం.

"గుమ్మం అటు వద్దండి ఆచారిగారూ" అన్నాడు. "అటు సముద్రం గదండి. మా ఇళ్లు ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టుకునే కూచుంటాయండి. గాలి అటునించే వస్తది."

"అందుకే మీ బతుకులు ఇట్టా ఏడిచాయి పెద్దాయనా" అని ఆచారి నవ్వాడు. "తరతరాలుగా పడమటి గుమ్మాల్లోంచి తిరిగారు. ఒక్కసారి తూర్పుకి తిప్పి చూడు, లక్ష్మి ఎట్టా నడిచొస్తదో."

కుర్రాళ్లు కూడా నవ్వారు. హిమబిందు మాత్రం నవ్వలేదు. "బాబాయిగారూ, ఆయన చెప్పేది కూడా ఒకసారి ఆలోచిద్దామండీ" అంది. "నలభై ఏళ్లుగా చేస్తున్నానమ్మా" అన్నాడాయన. చెట్టు కొట్టి ఇచ్చిన మనిషితో ఏం వాదిస్తుంది? ఊరుకుంది. రాజారత్నం మళ్లీ నోరు తెరవబోతే తులసి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఊరికే కట్టిచ్చేవాళ్లతో మనకెందుకు మావా? పిల్లలు తడుస్తన్నారు. ఊరుకో."

ముసలాయన ఊరుకున్నాడు. అక్కడితో అందరూ ఊరుకున్నట్టే. సాయం చేసేవాళ్లకి ఎదురు చెప్పకూడదని లేనివాళ్లకి ఎవరు నేర్పారో గానీ, ఆ నేర్పినవాళ్లని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆచారి పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ప్రతి గడపకీ పసుపు రాశాడు, కింద నవధాన్యాల పొట్లం పెట్టాడు, గోతుల్లో కాంక్రీటు తనే దగ్గరుండి కూరించాడు. పదకొండు గుమ్మాలూ పొద్దున్నే సూర్యుణ్ణి చూస్తూ వరసగా నిలబడ్డాయి. పేపర్లో ఫొటో కూడా పడింది. దాన్ని కత్తిరించి ఇంట్లో గోడకి అంటించుకున్నాడు.

మొన్న కార్తీకంలో మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చింది. తులసి పిల్లల్ని రేపల్లెలో పుట్టింటికి పంపేసి, తను పల్లెవాళ్లతో పాటు బాపట్ల బడిలో శిబిరానికి బయల్దేరింది. రాజారత్నం కదల్లేదు. వలలన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి. "ఇటుక గోడలు గదే, నాకేమవుద్ది? వలలు పోతే పిల్లలకేం పెడతాం?" అని కోడల్ని పంపేశాడు.

తెల్లారేసరికి గాలి తూర్పునించి తిరగబడింది. మధ్యాహ్నానికి తెరిపిస్తే మనుషులు వెనక్కి వచ్చారు. కొత్త ఇళ్లు పదకొండింటికీ తలుపులు విరిగి లోపలికి పడ్డాయి. లోపలికి దూరిన గాలి రేకులు ఎత్తుకుపోయింది. అవతల, మొదటి తుఫానుకి పడకుండా మిగిలిన పాత తాటాకిళ్లు రెండున్నాయి, సముద్రానికి వీపు పెట్టినవి. ఆ రెండూ తడిసి ముద్దయి, నిలబడే ఉన్నాయి.

కబురు తెలిసిన మూడో రోజు ఆచారి పాసింజర్లో బాపట్లలో దిగి, పనిముట్ల సంచితో దిబ్బపాలెం చేరాడు. రాజారత్నాన్ని అప్పటికే పూడ్చేశారు. తులసి కప్పులేని ఇంట్లో తడి వలలు విడదీస్తోంది. ఎదురుగా ఆయన చేసిన ద్వారబంధం, ఒక్క వెంట్రుక వాసి కూడా కదలకుండా నిలబడి ఉంది.

"ఎట్టా జరిగిందమ్మా?" అన్నాడు.

తులసి తలెత్తకుండానే చెప్పింది. "గడియ విరిగిందండి. అడ్డం పెట్టిన తెడ్డు విరిగింది. ఆ తరవాత తలుపుకి ఆనుకుని కూచున్నట్టున్నాడు. తలుపు కిందే దొరికాడు. ఇంటికి వీపు లేదని మా మావ తన వీపు పెట్టాడండి."

ఆచారి గడప మీద కూలబడ్డాడు. పసుపు ఇంకా చారలు చారలుగా మిగిలే ఉంది. జేబులోకి చెయ్యి పోయింది, దిక్సూచి తగిలింది, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. తులసి వైపు తిరిగాడు.

"గుమ్మం ఎటు పెట్టమంటావమ్మా?"

నలభై ఏళ్లలో ఆ మాట ఆయన ఎవరినీ అడగలేదు.

"ఇప్పుడడిగారా బాబాయిగారూ?" అంది తులసి. "మా మావ ఆరోజే చెప్పాడు గదండి. మీరు వినలేదు. నేను చెప్పనివ్వలేదు." వల ఒళ్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

ఆయన ఓదార్చలేదు. ఏ మొహం పెట్టుకుని ఓదారుస్తాడు? లేచి పక్కింట్లో గునపం అడిగి తెచ్చి, ద్వారబంధం మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు. అరిచేతులు పొక్కి, పొక్కులు చితికి, గునపమంతా తడైంది. పల్లెవాళ్లు చూస్తూ నిలబడ్డారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. సాయంత్రం దాకా తవ్వాడు. గుమ్మం ఊడి రాలేదు. అంత గట్టిగా పాతాడు.