మడుగులో నిలబడ్డ పెద్దమ్మ

ఎండాకాలంలో బాసర దగ్గర గోదావరి సన్నబడితే చేపలన్నీ ఒక్క మడుగులోకి చేరేవి. కొందరు బండలు పేల్చే తోటాలు తెచ్చి అందులో విసిరేవారు. పెద్ద చేపలు వాళ్లు ఏరుకుపోయేవారు. పిల్ల చేపలు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. అది చూడలేక మా పెద్దమ్మ వాడకట్టు ఆడవాళ్లను కూడగట్టి, వంతులవారీగా కాపలా పెట్టింది. ఎవరితో పోట్లాడినా ఆమె ‘కొడుకా’ అనే పిలిచేది.

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం నేనూ ఆమె వెంట ఉన్నాను. ముగ్గురు మగవాళ్లు తోటాతో వచ్చారు. పెద్దమ్మ నడుము లోతు నీళ్లలోకి దిగి నిలబడింది.

“అవ్వా, బయటికి రా! పాణం పోతది,” అని ఒకడు అరిచాడు.

“నేను రాను కొడుకా. ఏస్తే నా మీదనే ఎయ్యి.”

బెదిరిద్దామనుకున్నాడేమో, అతను వత్తి అంటించాడు. ఆమె కదల్లేదు. అతనికేమీ పాలుపోలేదు. వత్తి కాలుతూనే ఉంది, తోటా చేతిలోనే ఉంది.

“ఇసిరెయ్యి కొడుకా! గా ఇసుక దిక్కు ఇసిరెయ్యి, నీ చెయ్యి పోతది!” అని పెద్దమ్మ కేక పెట్టింది.

అతను విసిరాడు. పేలుడుకు ఇసుక లేచి మా మీద పడింది. మిగతా ఇద్దరూ పారిపోయారు. అతను మాత్రం అక్కడే కూలబడ్డాడు. పెద్దమ్మ తడిచీరతో తూలుతూ వచ్చి, అతని చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ తిప్పి తిప్పి చూసింది. ఆ తర్వాత చెంప మీద ఒక్కటి కొట్టింది.

“నీకేమన్న అయితే మీ అవ్వకు నేనేం చెప్పాల్నురా?” అంటూ ఏడ్చింది.

మళ్లీ ఆ మడుగుకు తోటాలతో ఎవరూ రాలేదు. నాకు మాత్రం ఆమె ధైర్యం కన్నా ఆ ఏడుపే ఎక్కువ గుర్తుంది.