పైనుంచి చూస్తే కనపడని పైపు

మే నెల మూడో మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నా మనవరాలు కంప్యూటర్లో ఒక పైపును మాయం చేసింది. టైము రాసుకోవడం నాకు అలవాటు.

ఆమె ఇంట్లో కూర్చునే ఇళ్ల నమూనాలు చేస్తుంది. ఇప్పుడు గీతలు గీయరట. తలుపు, కిటికీ, పైపు, ఏదైనా ముందే తయారైన విడిభాగంగా ఉంటుంది. కాంపోనెంట్ అంటారు. దాన్ని తెచ్చి ఇంట్లో నిలబెడతారు. గుంతకల్లులో ముప్పై ఒక్క ఏళ్లు డ్రాయింగు ఆఫీసులో ప్లాన్లకు నకలు తీసే ట్రేసర్‌గా పనిచేసినదాన్ని, నాకు చూడాలనిపించింది.

అప్పుడు ఆమె చేస్తున్నది కొత్తచెరువు దగ్గర నా చెల్లెలు కట్టించుకుంటున్న ఇల్లు. అక్కడ బోరు ఎండిపోయింది. చెల్లెలు పక్కనే రేకుల షెడ్డులో ఉంటూ, మోకాళ్ల నొప్పితోనే అర కిలోమీటరు అవతలి తోట నుంచి రోజుకు తొమ్మిది బిందెలు మోస్తోంది. మిద్దె మీద పడిన వాన, స్లాబులోంచి దూరే రెండు పైపుల గుండా సంపులోకి దిగాలి, తొలి వానకే అంతా సిద్ధంగా ఉండాలి. ఆమె అడిగింది అదొక్కటే.

"యాడికి పోయిందే పైపు?" అన్నాను.

"యాడికీ పోలేదవ్వా. ఆడనే ఉండాది. చూపించొద్దని చెప్పినా, అంతే."

"కనపడనిది ఉన్నట్టెట్ల?"

"సామాన్ల లిస్టు చూడు." చూశాను. పైపులు: రెండు.

ఒక చిన్న పెట్టె తెరిచి చూపించింది. ఈ భాగం పైనుంచి చూస్తే కనపడాలా, ముందు నుంచా, పక్క నుంచా అని ఒక్కోదానికి ఒక్కో గడి. టిక్కు తీస్తే ఆ వైపు నుంచి చూసేవాళ్లకు ఆ రకానివి ఒక్కటీ లేవు. మా కాలంలో గోడ వెనక దాగినదాన్ని కూడా తుంపులు తుంపులుగా గీసిన గీతలతో చూపేవాళ్లం. మాయం చేసే అధికారం మా కలాలకు లేదు.

"నాకియ్యి" అన్నాను. ఆమె టిక్కు మళ్లీ పెట్టి మౌసు నా చేతికిచ్చింది. పైపు పోయింది, వచ్చింది, పోయింది.

"ముసిలిదానికి మాయలు నేర్పిస్తే ఇంగ ఇంట్లో ఏమీ మిగలదు" అని నవ్వింది.

పదకొండు సార్లు నొక్కాను. పదకొండు బేసి కనుక చివరికి పైపు లేకుండానే ఆగింది. ప్లాను ఎంతో శుభ్రంగా కనిపించింది. "మేస్త్రీ కాయితంలో మేస్త్రీ పనే ఉండాల. ఇట్లనే ఇయ్యి" అన్నది నేనే. ముందు నుంచి చూసే బొమ్మలో పైపులు ఉన్నాయి కదా అని ఆమె కూడా ఒప్పుకుంది.

కానీ మా వైపు మేస్త్రీలు పైనుంచి చూసిన ప్లాను ఒక్కటే పట్టుకుంటారు. ముందు బొమ్మ అందంగా ఉంటుందని ఇంటివాళ్లు గోడకు అంటించుకుంటారు. నా చెల్లెలు కూడా షెడ్డు తలుపు మీద అంటించుకుంది.

తొమ్మిది రోజులకు మిద్దెకు స్లాబు వేశారు. మర్నాడు చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, పైపులొచ్చినాయి. దూరేదానికి బొక్క యాడ?"

లిస్టు ప్రకారం అంగడివాడు సరిగ్గానే పంపాడు. మేస్త్రీ ఫోను లాక్కున్నాడు. "పెద్దమ్మా, కాయితంలో లేని బొక్క నేనెట్ల పెట్టేది? నాకేమన్నా కలలో వస్తాదా?"

అతని తప్పేమీ లేదు. మా ఆఫీసులో సంతకానికి ముందు కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి, కింద బల్బు వెలిగే అద్దం బల్ల మీద చూసేవాళ్లం. నీళ్ల పైపు దూలాన్ని తగిలినా, గోడలో తలుపు చోటు తప్పినా అక్కడ బయటపడేది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా మానని ఆ పని, కంప్యూటరే చేస్తుంది కదా అని ఈసారి మానేశాను.

కాంక్రీటు గట్టిపడేందుకు ఇరవై ఒక్క రోజులు ఆగి మిషనుతో కోస్తానన్నాడు మేస్త్రీ. వాన అన్ని రోజులు ఆగలేదు. మిద్దె వేసిన పన్నెండో రోజు, సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలకు మొదలై యాభై నిమిషాలు కురిసింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. బొక్కలు కోసేదాకా మిద్దె మీద నీళ్లు నిలుస్తాయని పిట్టగోడ ఇంకా కట్టలేదు. నీళ్లు నాలుగు అంచుల నుంచీ జారి ఇసుకలో ఇంకిపోతున్నాయి. నేను ఒక డబ్బాను ఆరుబయట పెట్టి అందులో స్కేలు నిలబెట్టాను.

"వానను కొలిచింది చాల్లే అక్కా, బిందె పట్టు!" అని అరిచింది చెల్లెలు. ఖాళీగా ఉన్నవి రెండే. మిగతావి పొద్దున ఆమె మోసుకొచ్చిన నీళ్లతో నిండే ఉన్నాయి. ఆ రెండూ అంచు కింద నింపి, సంపు మూత ఎత్తి లోపలికి చూసింది.

మిద్దె అరవై చదరపు మీటర్లు. డబ్బాలో ముప్పై ఐదు మిల్లీమీటర్లు. మొత్తం రెండు వేల వంద లీటర్లు. తడికి, చిందినదానికి నూట ఎనభై తీశాను. బిందెకు పదిహేను లీటర్ల చొప్పున నూట ఇరవై ఎనిమిది బిందెలు. దక్కినవి రెండు.

పోయినవి: నూట ఇరవై ఆరు బిందెల నీళ్లు, అంటే నా చెల్లెలికి బిందె మోయకుండా గడవాల్సిన పద్నాలుగు రోజులు. తర్వాత బొక్కలు కోసినప్పుడు స్లాబులో తెగిన ఇనుప కమ్ములు, మూడు.