వంతెన మీద నొక్కిన బటన్

అంబులెన్స్‌లో ట్యాబ్ పెట్టిన కొత్తలో అప్పాజీ దాన్ని పామును చూసినట్టు చూశాడు. ఇన్నేళ్లు స్టీరింగు తిప్పినవాడికి ఈ పలక ఓ లెక్కా అని పైకి అన్నాడు గానీ, ఉద్యోగం పోతుందేమోనని లోపల భయమే. శిక్షణకు వెళ్లిన ప్రతిసారీ బిక్కమొహంతో తిరిగొచ్చేవాడు.

ఓ రోజు కిటుకు దొరికింది. రోగి ఇంటి ముందు బండి ఆపాక ‘చేరుకున్నాం’ అనే బటన్ నొక్కాలి. అప్పాజీ కాలవ వంతెన ఎక్కగానే నొక్కేసేవాడు. ఇంకెంత, రెండు మలుపులేగా! పై ఆఫీసుకు తెర మీద కనిపించిందే నిజం కాబట్టి, తణుకు చుట్టుపక్కల ఇంత చురుకైన బండి లేదని తేల్చేశారు. శాలువా కప్పి, డిజిటల్ నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చి, కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పమన్నారు. వచ్చిన విద్య దాచుకునే మనిషి కాదు అప్పాజీ. అందరిలోకీ వెంకన్న బాగా వంటబట్టించుకున్నాడు.

మొన్న చెరకు సీజన్లో, అప్పాజీ సెలవులో ఉన్న మధ్యాహ్నం, తల్లి చిట్టెమ్మకు ఊపిరి అందలేదు. మోటారు సైకిలు మీద కూర్చోబెట్టే పరిస్థితి కాదు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. కాసేపటికే ‘మీ అంబులెన్స్ చేరుకుంది’ అని మెసేజ్ వచ్చింది. వీధిలోకి పరుగెత్తాడు. అరుగు నీడన కుక్క పడుకుని ఉంది, బండి లేదు.

ఆ మెసేజ్ ఎక్కడ పుట్టిందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వంతెనకు ఇవతల ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయనీ తెలుసు. తాను తవ్విన గోతిలో తాను పడితే సరే, అమ్మను తోశానే అని ఏడుపొచ్చింది. లోపలి నుంచి బండొచ్చిందా అని ఆవిడ సైగ చేస్తే, వచ్చేసిందమ్మా అన్నాడు.

చివరికి బండి వచ్చింది. వెంకన్న చెమటలు తుడుచుకుంటూ దిగాడు.

“ట్రాక్టర్లు అడ్డమండి గురువుగారూ. అయినా మీరు చెప్పినట్టే వంతెన మీదే నొక్కేశానండి. రికార్డు చెడలేదండి.”

ఆక్సిజన్ పెట్టాక చిట్టెమ్మ తేరుకుంది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు.

మర్నాడు ఆసుపత్రిలో ఉండగా పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అంబులెన్స్ సమయానికి వచ్చిందా అని అడిగింది ఓ అమ్మాయి. లేదని చెబితే వెంకన్న ఉద్యోగం పోతుంది. వెంకన్న నోరు విప్పితే గురువుదీ పోతుంది.

“వచ్చిందండి. చాలా తొందరగా వచ్చింది,” అన్నాడు అప్పాజీ.

మంచం మీద చిట్టెమ్మ మాస్కు పక్కకు జరుపుకుంది.

“ఎవరింటికొచ్చిందిరా?” అని అడిగింది.