ఎండాకాలంలో కొన్న జాగా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆళ్లగడ్డలో మా బడి పిల్లలందరికీ తెలుసు. ఆ కోపం నాయన మీద చూపించిన రోజులే ఇప్పుడు ఎక్కువగా గుర్తొస్తాయి. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక నాయన నా బాడుగ ఇంట్లోనే ఉండేవాడు. పాములపాడులో ఆయనకు ఎకరం మెట్టచేను ఉండేది. దాన్ని గుత్తకిచ్చినా, నెలకోసారి బస్సెక్కి పోయి చూసుకుని వచ్చేవాడు. ఏముంది నాయనా అంత చూడ్డానికి అంటే, "ఊరకే" అనేవాడు.

ఎనభైల మొదట్లో మా హెడ్మాస్టరు నంద్యాలలో ఇళ్లస్థలం కొని, రెండేళ్లకే రెట్టింపు ధరకు అమ్మాడు. ఇక స్టాఫు రూములో వేరే మాటే లేదు. నాకూ ఆ పిచ్చి తలకెక్కింది. నాయన చేను అమ్మేసి రెండు స్థలాలు కొనాలి. ధర పెరిగాక ఒకటి అమ్మి, ఆ డబ్బుతో రెండోదాంట్లో ఇల్లు కట్టాలి. బాడుగిళ్లు మారి మారి, మేం కిరస్తానీలమని తెలియగానే "ఇల్లు ఇయ్యంలేమ్మా" అనిపించుకుని, నేనప్పటికే విసిగిపోయి ఉన్నాను.

మా టీచర్లకు తీరిక దొరికేది ఎండాకాలం సెలవుల్లోనే. అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. మే నెలలో నాయనను తీసుకుని నంద్యాల పోయాను. ఊరి చివర, కాలువ కట్ట కింద, సున్నంతో గీతలు గీసి, మూలమూలకూ బేతంచెర్ల బండముక్కలు పాతి పెట్టారు. నేల పొడిగా, గట్టిగా, ఊడ్చి పెట్టినట్లుంది. ఇంకేం, నా మనసులో గోడలు లేచిపోయాయి. నాయన మాత్రం స్థలం వైపే రాకుండా కట్టెక్కి, కాలువ చూసి దిగాడు.

"కాలవకు నీళ్లు ఆపేసినారు గదమ్మా. నీళ్లు ఇడిసినంక ఒకసారి వచ్చి సూసి కొందాం," అన్నాడు.

బ్రోకరు నవ్వాడు. "ఇంగో ఇద్దరు అడుగుతాండారు టీచరమ్మా. బేగా తేల్చల్ల."

నాకు తల కొట్టేసినట్లయింది. "ఏందీ నాయనా, ఈడ వరి నాటుతామా? ఇల్లు కట్టే జాగా ఇది. నీకేం తెలుస్తాది, ఊరుకో!" అన్నాను, అందరి ముందే.

ఆయన పది రోజుల్లో చేను అమ్మి, వేలిముద్ర వేసి వచ్చి, దుడ్లన్నీ గుడ్డసంచితో సహా నా చేతిలో పెట్టాడు. రెండు స్థలాలూ రిజిస్టరు చేయించుకుని, ఆ సాయంత్రం నేను స్టాఫందరికీ మిఠాయి పంచాను.

ఆగస్టులో కాలువకు నీళ్లు వదిలారని విని ఇద్దరం పోయాం. పది రోజులుగా వాన చుక్క పడకపోయినా మా స్థలాల్లో మోకాటి లోతు నీళ్లు. కట్ట కిందినుంచి ఊట. బండముక్కలు ఒరిగిపోయాయి, కప్పలు ఎగురుతున్నాయి. బ్రోకరును నిలదీస్తే "మట్టి తోలిస్తే సరిపాయ గదా" అన్నాడు. వాడి మొహం మండ! నా జీతంలో మిగిల్చి మిగిల్చి ట్రాక్టర్లతో మట్టి తోలించాను. మరుసటి ఏడు అదీ బురదైపోయింది.

నాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. బస్సెక్కి పోయి చూసుకోవడానికి ఆయనకు ఇక ఏమీ లేదు. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని వచ్చేపోయే లారీలను చూసేవాడు. తిట్టినా బాగుండేది. ఎలాగైనా ఆ స్థలాలు అమ్మి ఆయన చేను ఆయనకు తిరిగి కొనివ్వాలి, నాకు అదొక్కటే ధ్యాస.

నాలుగైదేళ్లు ఎవరూ కొనలేదు. అప్పటికి ఈ వ్యాపారం నాకూ ఒంటబట్టింది. ఎండాకాలంలో తప్ప ఎవరికీ స్థలం చూపించకూడదు, అంతే. ఒక మే నెలలో పడుచు జంట వచ్చింది. అతనూ టీచరే. ఆమె నిండు చూలాలు. ఇల్లు కట్టుకుంటామన్నారు. నేను ధర చెప్పాను. ఆ పిల్ల నన్ను వదిలేసి నాయనను అడిగింది.

"పెద్దాయనా, ఈడ నీళ్లు నిలుస్తాయా?"

నాయన నా వైపు చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను. ఆయన అబద్ధమాడగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నిలవవు తల్లీ," అన్నాడు.

రెండూ అమ్ముడుపోయాయి. ఆ డబ్బుకు పాములపాడులో ఇప్పుడు అరెకరం కూడా రాదన్నారు. చేను రాలేదు. ఆ పై నెల మొదటి ఆదివారం మా ఏసు గుడిలో పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళకు, ఎప్పుడూ అందరికన్నా ముందు లేచే నాయన లేవలేదు. తర్వాతి నెలా లేవలేదు. ఇంటికొచ్చి అడిగాను.

"మోకాళ్లు నొస్తాండాయా నాయనా?"

"లే."

"మరి బల్ల దగ్గరికి యాల రాలే?"

"నువ్వు పోతాండావు గదమ్మా," అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అన్నాడు.

పోతున్నాను, నిజమే. పోకపోతే నలుగురూ ఎందుకని అడుగుతారని భయం. తప్పు మనసులో పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని చిన్నప్పుడు నాకు నేర్పింది ఆయనే. నెలనెలా నేను పోయి మోకరించి చేయి చాపేదాన్ని. ఆయన వెనక చాప మీద తలొంచుకుని కూర్చునేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, అయినా పోయేదాన్ని.

రెండేళ్లకు నాయన మంచాన పడ్డాడు. ఆఖరి రోజుల్లో అయ్యగారు రొట్టె, గిన్నె పట్టుకుని ఇంటికే వచ్చారు. ప్రార్థన చేసి, రొట్టె ముక్క నోటి దగ్గర పెట్టారు. నాయన పెదవులు బిగించి గోడ వైపు తిరిగాడు.

"పెద్దాయన తెలివిలో లేడా అమ్మా?" అని అయ్యగారు నన్నడిగారు.

అంతకు కాసేపటి ముందే నన్ను పిలిచి నీళ్లడిగి తాగాడు. కళ్లు తెరిచే ఉన్నాడు.

"లేడయ్యగారూ," అన్నాను.