రిపోర్టులో లేని పేట

నన్ను మెచ్చుకున్నప్పుడల్లా లోపల ఏదో కుంగిపోయేది. ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోశాను. మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో డెట్రాయిట్‌లో ఒక పేటలో పోలీసులు కార్లు దిగి కాలినడకన గస్తీ తిరిగేవారు. దానివల్ల తుపాకీ కాల్పులు తగ్గాయో లేదో తేల్చే పని, పీహెచ్‌డీ చేసి నగరపాలక ఆఫీసులో చేరిన నాకు అప్పగించారు. అందుకు గస్తీ లేని మరో పేటతో పోల్చాలి. డొరతీ ఉండే పేటను ఎంచుకున్నాను. మా ఆఫీసు తరఫున ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించే నల్లజాతి మహిళ ఆమె.

ఏడాది తర్వాత గస్తీ పేటలో కాల్పులు తగ్గాయి. డొరతీ పేటలోనూ అంతే తగ్గాయి! అక్కడ గస్తీయే లేదు. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు సాయంత్రాలు ఇంటి మెట్ల మీద కూర్చుని, గొడవ ముదరకముందే కుర్రాళ్ల మధ్యకు వెళ్లి నిలబడేవారు.

అది రాస్తే గస్తీ గొప్పతనం నిలవదు. మీటింగుల్లో నా మాట ఎవరూ వినని ఆ రోజుల్లో, అందరూ లేచి చప్పట్లు కొట్టే రిపోర్టు కావాలనిపించింది. ఆ పేటను తీసేసి, కాల్పులు పెరిగిన వేరే పేటను పెట్టాను. ఎవరైనా బలవంతం చేశారా? లేదు. భయమా? కాదు. ఆశ.

చప్పట్లు కొట్టారు.

డొరతీ ఒక్కసారే అడిగింది. "డాక్టర్, రిపోర్ట్‌లో మా పేట ఏది?"

"డేటా సరిగ్గా లేదు."

"ఆ డేటా కలెక్ట్ చేసింది నేనే కదా?"

నేను వేరే ఫైలు తెరిచాను. ఆమె ఉద్యోగం మానేసింది. నగరం ఇవ్వగల సాయమంతా గస్తీకే పోయింది. తల్లుల గుంపు చెదిరింది. ఆ వీధుల్లో మళ్లీ తుపాకులు పేలాయి. నిజం రాసి ఉంటే ఆగేవా? తెలియదు. తెలియదనడం కూడా దాక్కోవడమేనా?

పదిహేనేళ్లు గడిచాక, మొన్న వసంతంలో, గస్తీని ఊరంతా పెంచాలని పెట్టిన సభకు నన్ను పిలిచారు. మైకు అందుకున్నాను. "ఆ రిపోర్ట్ తప్పు. తెలిసే తప్పు రాశాను. పోలీసులు లేని పేటలోనూ కాల్పులు తగ్గాయి. అక్కడి ఆడవాళ్లను నేను దాచేశాను."

వెనక వరుసలో కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒక ముసలావిడ లేచింది. "ఆ ఆడవాళ్లం మేమే!"

హాలు దద్దరిల్లింది. వాళ్లు ఏడ్చారు, నవ్వారు, ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నావైపు ఎవరూ చూడలేదు. గుమ్మం దగ్గర, వాళ్లతో వచ్చిన డొరతీకి చేయి చాచాను. అందుకోలేదు. "ఇప్పుడు అదంతా రాయండి, మీ సంతకంతో," అంది.

రాసి, సంతకం పెట్టి ఆఫీసుకు పంపాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. సభ అయ్యాక మాత్రం, ఊరి బయట ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి దాకా కారు అద్దాలు దించుకుని గొంతెత్తి పాడుతూ వెళ్లాను.