కాలువ గురక

వేసవిలో కాలువలు కట్టేశాక తెనాలి నుంచి వేమూరు వెళ్ళే బస్సు కిటికీలోంచి ఎండిన నాచు, చచ్చిన నత్తల వాసన గుప్పున కొడుతుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మా చుక్కావు గుర్తొస్తుంది.

నుదుట తెల్ల మచ్చ ఉన్న ఎర్రావు అది. తొలకరికి కాలువ నిండగానే అమ్మ రోజూ సాయంత్రం దాన్ని నీళ్ళలోకి దింపి, ఎండుగడ్డి చుట్టతో రుద్ది రుద్ది కడిగేది. మాకు పొద్దుటి కాఫీ, క్రిస్మస్‌కి పాలకోవా, స్కూలు ఫీజు, అన్నీ దాని పొదుగులోంచే వచ్చేవి.

ఒక ముసురు రోజు పొద్దున్నే చుక్క గురక పెడుతూ కనిపించింది. ముక్కులోంచి చీముతో నెత్తుటి చార. మా ఊళ్ళో గురక అంటే గొంతువాపే. అంతకుముందేడు ఆ జబ్బొచ్చి పశువులు తెల్లారేసరికి కట్టుకొయ్యల దగ్గరే పడిపోయాయి. పక్కింటి కోటయ్య బాబాయి పరుగున వచ్చాడు.

"వదినా, గురకొచ్చేసింది. ఇక్కడే ఉంచితే మా గేదెలు కూడా పోతయ్యి. పశువుల బేరగాడికి కబురెట్టా, కోతకి తోలేద్దాం."

"డాక్టరుగారు చూసేదాకా కదలనివ్వను" అంది అమ్మ.

పాపం, ఆయన భయం ఆయనది. కానీ ఆ పూట నాకు ఆయన్ని చూస్తే ఒళ్ళు మండింది. డాక్టరు కంటే ముందు బేరగాడి వ్యానే వచ్చింది. వెనక తలుపు దించి అతను చుక్క పలుపు అందుకోబోతే, అమ్మ దాన్ని చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడింది. వాన కురుస్తూనే ఉంది, ఆవు గురక వినిపిస్తూనే ఉంది.

ఎట్టకేలకు డాక్టరు తడిసిపోయి వచ్చాడు. గొంతు తడిమాడు, జ్వరం చూశాడు, ముక్కులోకి టార్చి వేశాడు.

"గొంతువాపు కాదమ్మా. లోపల కండ పెరిగింది. ఇది ముక్కు గురక, పక్క గేదెలకి అంటదు. నత్తల్లో పెరిగే పురుగు నీళ్ళలో దిగిన పశువు చర్మంలోంచి దూరుద్ది. కాలవలోకి దించుతున్నారా?"

"రోజూ కడిగేదాన్నండి" అంది అమ్మ. అంతసేపూ బిగబట్టుకున్న మనిషి అప్పుడు ఏడ్చింది.

వ్యాను ఖాళీగా వెళ్ళింది. సూదులతో నెత్తురు ఆగింది గానీ గురక పూర్తిగా పోలేదు. అమ్మ మళ్ళీ దాన్ని కాలువ దగ్గరికి పోనివ్వలేదు, బోరింగు నీళ్ళు బిందెలతో మోసి కడిగేది. మమ్మల్ని వణికించిన ఆ గురక చప్పుడే, తర్వాత వినపడకపోతే మాకు నిద్రపట్టేది కాదు.

ఇప్పుడు చుక్కని కట్టేసిన పాకలో బైకులు పెడుతున్నారు. కాలువలో నత్తలు అలాగే ఉన్నాయి. ఊళ్ళో గురక జబ్బు మాత్రం లేదు, రావడానికి ఆవులుంటే కదా.