షిఫ్ట్ మారే వేళ నీలం టిక్కు

2024 వానాకాలం. సూరత్‌లోని లింబాయత్‌లో నేను మొబైల్ రిపేర్ దుకాణం పెట్టి అప్పటికే పదేళ్లు దాటింది. గిరాకీలో సగానికి పైగా మనవాళ్లే. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడి పవర్‌లూమ్‌లు నడుపుకుంటున్న కుటుంబాలు. ఆడమనిషి ఫోన్ విప్పితే మళ్లీ బిగించగలదా అని మొదట్లో నవ్వినవాళ్లే, ఇప్పుడు అప్‌డేట్ వస్తే నొక్కాలా వద్దా అని నన్నడిగి నొక్కుతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. అప్‌డేట్ అంటే ఇంటికి కొత్త తలుపు పెట్టించుకోవడం. గాలి బాగా వస్తుంది, నిజమే. గొళ్లెం పడుతుందో లేదో చూసుకోకుండా పడుకుంటే తప్పు వడ్రంగిదా, మీదా? ఇద్దరిదీ అంటాను నేను. ఎవరూ ఒప్పుకోరు.

ఒక మధ్యాహ్నం రాజమణి వచ్చింది. ముఖం తెలుసు, పేరు అప్పుడే తెలిసింది. కొంగులో చుట్టి తెచ్చిన ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

"అక్కా, మా ఆయన ఫోన్ దానంతటదే తెరుచుకుంటాంది."

"లాక్ ఏంది?"

"మొగం."

"మరి ఆయన్నే తోలకపోయినవా? మొహం లేకుండ నేనేం చూడాలె?"

"ఆయన పోయి ఆర్నెల్లాయె."

నా నోటి దురుసుకు జవాబు దొరకడం అరుదు. ఆ రోజు దొరికింది. స్టూల్ జరిపి కూర్చోమన్నాను.

రాజేశం లూమ్ నడిపేవాడు. గుండెపోటు. వాళ్ల గది కార్ఖానా పైనే ఉంటుంది. గోడకు ఆయన ఫోటో వేసి, దాని కింద అరలో ఫోన్‌ను గ్లాసుకు ఆనించి ఫోటోకు ఎదురుగా నిలబెట్టారు. చార్జర్ తీయలేదు, రీచార్జ్ ఆపలేదు. దండతో పాటు అదీ ఒక మర్యాద అనుకున్నారు. ఈ మధ్య ఏదో అప్‌డేట్ అడిగితే రాజమణి నొక్కింది. ఫోన్ ఆరి వెలిగి పిన్ అడిగింది. ఆమెకు తెలిసిన పిన్నే. తెరిచి, కూతురు తండ్రికి పంపిన మెసేజులు కాసేపు చదువుకుని, అట్లాగే అరలో పెట్టేసింది.

"ఆ దినం సంది పొద్దుమూకి షిఫ్ట్ మారంగనే తెరుచుకుంటాంది. మా శ్రుతి నా ఫోన్ల నుంచి వాళ్ల నాయినకు ఇంకా మెసేజులు పెడ్తది. అవి నీలం అయితున్నయ్ అక్కా."

నీలం టిక్కు అంటే అవతలివాళ్లు చదివారని గుర్తు. ఎవరికైనా అంతే. కాని ఆ ఇంట్లో దానికి ఇంకో అర్థముంది. లూమ్‌ల మోతలో ఫోన్ వినబడదు, రెండు చేతులూ ఖాళీ ఉండవు. అందుకని పిల్ల చిన్నప్పటి నుంచీ మెసేజ్ పెట్టేది, తండ్రి ఒకసారి చూసేవాడు. టూర్‌కు పోవాల్నా? టిక్కు. కొత్త బ్యాగు కొనుక్కోవాల్నా? టిక్కు. ఆయన ఏనాడూ ఒక్క అక్షరం టైపు చేయలేదు. టిక్కు పడితే సరేనన్నట్టు.

"ఇప్పుడేమడిగింది?"

"చదువు బంద్ చేసి చీరల మీద స్టోన్లు అంటించే పనికి పోవాల్నా అని. నీలం పడ్డది. నాయిన సరేనన్నడు అంటాంది. సోమవారం పోయి టీసీ తీసుకుంటదట. పదకొండో తరగతి అక్కా. నా మాట చెవుల వెట్టదు."

ఫోన్ బల్ల మీద రెండు గంటలు ఉంచాను. కదిపాను, ఎండలో పెట్టాను, నా మొహం చూపించాను. శవంలా పడి ఉంది.

"తెరుచుకుంటలేదు గదా?"

"మా ఇంట్లనే తెరుచుకుంటది," అంది రాజమణి, నేనేదో ఒప్పుకోనట్టు.

దుకాణం పక్కవాళ్లకు అప్పగించి ఆమె వెంట నడిచాను. వాళ్ల గల్లీ మలుపులో కరెంటు స్తంభానికి రాజేశం శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. వానకు అంచులు చిరిగాయి కాని ముఖం మాత్రం నిలువెత్తున, స్పష్టంగా ఉంది. ఈయనేనా అని ఆగాను. ఫోన్ నా చేతిలో, తెర బయటి వైపుకు ఉంది. అరచేతిలో చిన్నగా జివ్వుమంది. తిప్పి చూస్తే తాళం విడిపోయి ఉంది. తెర మీద కూతురి ప్రశ్న, 'నాయినా, చదువు బంద్ చేసి పనికి పోవాల్నా?'

రాజమణి రెండడుగులు వెనక్కి వేసింది. నేను వేయలేదు గాని, వేయకుండా ఉండడానికి స్తంభం పట్టుకున్నాను.

ఆ తర్వాత బుర్ర పని చేసింది. ఇలాంటి చవక ఫోన్లలో ఫేస్ అన్‌లాక్ అంటే మామూలు కెమెరా తీసే బొమ్మే. లోతు చూడదు, ప్రాణం చూడదు. అయినా ఈ మోడల్‌కు ఇదివరకు రెండు కాపలాలు ఉండేవి. ముఖం గుర్తుపట్టినా వేలితో పైకి జరిపితేనే లోపలికి పోనిచ్చేది. కొన్ని గంటలకోసారి పిన్ అడిగేది. కొత్త అప్‌డేట్‌లో సౌకర్యం పేరు చెప్పి మొదటిది తీసేశారు. రెండోది తీసేశామని కూడా చెప్పలేదు, అది దానంతటదే ఊడిపోయింది. పైగా లిఫ్ట్ టు వేక్ అని ఇంకొకటి తగిలించారు. ఫోన్ కదిలితే చాలు, తెర మేలుకుని ముఖం వెతుక్కుంటుంది. ఇంట్లో దాన్ని ఎవరు కదుపుతున్నారన్నది ఒక్కటే నాకు అర్థం కాలేదు.

గదిలోకి వెళ్లగానే అర్థమైంది. కాళ్ల కింద గచ్చు వణుకుతోంది. షిఫ్ట్ మారేటప్పుడు లూమ్‌లన్నీ ఆపి, దుమ్ము దులిపి, మళ్లీ ఒక్కసారిగా వేస్తారు. ఆ మొదటి కుదుపుకు గ్లాసు అదురుతుంది, ఫోన్ మేలుకుంటుంది, ఎదురుగా ఫోటో. తాళం విడితే తెర మీద రాజమణి మూయకుండా వదిలిన ఆ మెసేజులే, అందుకే నీలం.

శ్రుతి గోడకు ఆనుకుని కూర్చుంది. తండ్రి ముఖమే. నేను చెప్పిందంతా శాంతంగా విన్నది.

"మేలుకొల్పేది లూమ్. సరే ఆంటీ. తెరిచేది మా నాయిన మొగమే గద?"

"మొహం తెరుస్తది. చదివేటోళ్లు లేరు."

"మీకెట్ల తెలుసు?"

నాతో వాదించినవాళ్లు గెలిచి పోయింది తక్కువ. రాజేశం ఫోన్‌ను మళ్లీ అరలో గ్లాసుకు ఆనించి, పిల్ల చేతికి తల్లి ఫోన్ ఇచ్చాను. "అయితే ఇంకోటి అడుగు. స్కూలు ఇడువద్దా, చదువుకోవాల్నా అని అడుగు."

శ్రుతి అడిగింది. బూడిద రంగు టిక్కులు రెండు. అరలో ఫోన్ చీకటిగా ఉంది. కింద లూమ్‌లు ఒకటొకటే ఆగాయి. ఆ నిశ్శబ్దం నాకు మోత కంటే ఎక్కువ వినబడింది. రాజమణి తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక్కసారిగా నేల అదిరింది. గ్లాసు గణగణమంది. ఫోన్ వెలిగింది, ఫోటోలోని ముఖం మీద ఆ వెలుతురు పడి, ఒక్క క్షణం ఆయన తల వంచి చూసినట్టే ఉంది. శ్రుతి చేతిలో టిక్కులు నీలమయ్యాయి.

"చూసినవా? బంద్ చేయాల్నంటే సరే. చేయొద్దంటే సరే. గిది జవాబేనా?"

"మా నాయిన ఏదడిగినా సరేననెటోడు ఆంటీ. బతికున్నప్పుడు గూడ."

అప్పుడు తలుపు దగ్గర్నుంచి రాజమణి అంది. "ఒక్కపారి అనలేదు బిడ్డా. నువ్వు ఐదో తరగతిల బాబిన్లు చుట్టనీకి పోత నాయినా అని మెసేజ్ పెట్టినవ్. టిక్కు పడలె. మాలిక్ తిడుతున్నా ఇనకుంట లూమ్ బంద్ చేసి ఉరుక్కుంట పైకొచ్చిండు. కాదనాల్నంటే గట్ల వచ్చెటోడు."

ముగ్గురం మెట్ల వైపు చూశాం. అవును, నేను కూడా. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి, ఇప్పుడే అంతా విడమరిచి చెప్పిన నేను కూడా ఆ మోతలో అడుగుల చప్పుడు కోసం చెవి రిక్కించాను. కింద లూమ్‌లు ఒక్కటీ ఆగలేదు. ఎవరూ రాలేదు.

"ఇగ కాదనేటోళ్లు లేరు," అంది శ్రుతి.

"నేనున్న," అంది రాజమణి. ఆమె గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకే తెలిసినట్టు లేదు. "నేను కాదంటున్న. సోమవారం నువ్వు స్కూలుకే పోతున్నవ్."

పిల్ల ఏడ్చింది. ఆర్నెల్లలో మొదటిసారని తల్లి తర్వాత చెప్పింది.

ఫోన్ సెట్టింగ్స్ తెరిచాను. లిఫ్ట్ టు వేక్ తీసేశాను. ఫేస్ అన్‌లాక్ దగ్గరకు వచ్చేసరికి ఒక పెట్టె వచ్చింది, 'ఈ ముఖాన్ని తొలగించాలా?' వేల ఫోన్లలో నొక్కిన బటన్. బొటనవేలు కదిపాను.

"ఆగుండ్రి ఆంటీ. నాకియ్యిండ్రి."

శ్రుతి ఫోన్ తీసుకుని ఫోటో వైపు చాలాసేపు చూసింది. నొక్కింది.

కొన్ని వారాలకు కంపెనీ ఇంకో అప్‌డేట్ పంపింది. 'కొన్ని భద్రతా లోపాలు సవరించాం' అని ఒక్క వాక్యం, అంతే. ఏ లోపమో, అది ఎవరి గదిలో ఏం చేసిందో వాళ్లకెందుకు? అందుకే ఇప్పుడు ఎవరు అప్‌డేట్ వేయించుకోవడానికి వచ్చినా, అయ్యాక లాక్ సెట్టింగ్స్ నా ముందే మళ్లీ తెరిపిస్తాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఇక చనిపోయినవాళ్ల ఫోన్ వస్తే, మిగతా పనంతా నేనే చేస్తాను గాని ఆ పెట్టె దగ్గర ఆగిపోతాను. ఇంటివాళ్లను పిలిచి ఫోన్ వాళ్ల చేతికిస్తాను. కొందరు వెంటనే నొక్కుతారు. కొందరు ఫోన్ తీసుకుని నొక్కకుండానే వెళ్లిపోతారు. వాళ్లను తొందరపెట్టకూడదని నేర్చుకున్నాను. నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన పని ఇదే.